జహ్రా నుంచి వచ్చిన పాలు

పోయిన వారం దాడుల హెచ్చరిక సైరన్ మోగిన మర్నాడు జమియాకి వెళ్ళాను. పేటకొకటి ఉండే సహకార దుకాణాన్ని కువైట్‌లో అందరం జమియా అనే అంటాం. బియ్యం ఉంది, నూనె ఉంది, నీళ్ళ సీసాలు కూడా ఉన్నాయి. పిల్లల పాలపొడి పెట్టే అర మాత్రం ఖాళీ అయిపోయి వెనక రేకు కనిపిస్తోంది. మిగిలిన ఒక్క డబ్బా మీద ఇద్దరు ఆడవాళ్ళు చేతులేసి నిలబడ్డారు. అరుచుకోవడం లేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కూడా లేదు. ఇద్దరూ డబ్బా వంకే చూస్తున్నారు. ఎవరి చెయ్యీ వదలడం లేదు.

కొనాల్సినవి కొనకుండానే వచ్చి కారులో కూర్చున్నాను. ఆ చూపు నాకు తెలుసు. ఇదే ఊళ్ళో, నేను నాలుగో తరగతిలోకి వెళ్ళాల్సిన ఏడు, మా అమ్మ కళ్ళల్లో చూశాను.

అప్పుడు మేం హవల్లీలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న కింది వీధిలో రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే దుకాణంలో పనిచేసేవారు. ఆయన చొక్కా ఎప్పుడూ సీసం కాలిన వాసన వేసేది. సాయంత్రమైతే మెట్ల మీదకి రొట్టెల కొలిమి వాసన, యాలకుల కాఫీ వాసన, ఎదుటి కొట్లో మాంసం కాల్చే వాసన కలిసి వచ్చేవి. అమ్మది కోనసీమ. కొబ్బరి పడని కూర కూరే కాదని ఆవిడ నమ్మకం. ఎండుకొబ్బరి చిప్పల్ని నగల్లాగా గుడ్డలో చుట్టి దాచుకునేది. తమ్ముడు నెలల పిల్లవాడు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పొద్దున్న లేచేసరికి వీధిలో ట్యాంకులున్నాయి. పక్కదేశం సైన్యం వచ్చి ఊరంతా ఆక్రమించుకుంది. నాన్న కిటికీ తెర వేసేసి, "ఈ తెర ఎవరూ తియ్యకండి," అన్నారు. ఆ తెర మళ్ళీ తియ్యలేదు.

చిత్రం ఏమిటంటే కరెంటు ఉండేది, కుళాయిలో నీళ్ళూ వచ్చేవి. మనుషులే లేరు. చెత్త ఎత్తేవాళ్ళు పారిపోయారు. చెత్త వీధి మలుపులో గుట్టలు పడి కుళ్ళింది. కుళ్ళినదాన్ని తగలబెట్టారు. నా చిన్నతనం వాసనలన్నిటినీ ఆ ఒక్క వాసన మింగేసింది. అన్నం ముద్దలో, దిండు గలీబులో, తమ్ముడి జుట్టులో కూడా అదే.

పగలు పెద్దవాళ్ళు చూడనప్పుడు నేనూ పక్కింటి మలయాళీ పిల్లా మేడ మీదికి వెళ్ళి తూటా డొప్పలు ఏరుకునేవాళ్ళం. ఇత్తడివి, ఎండకి కాలిపోయి ఉండేవి. వాటిని దాచడానికి మా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒక్కటే, బియ్యం డబ్బా. అమ్మ తప్ప ఇంకొకరు దాని మూత తియ్యకూడదు. ఒకరోజు అమ్మ బియ్యం ఏరుతూ రాయనుకుని ఒకటి పైకి తీసింది. వెలుతురులో పెట్టి చూసింది. ఆ తరవాత నా వీపు మీద పడ్డ దెబ్బలు పక్కింటిదాకా వినిపించాయి.

సాయంత్రాలు మగవాళ్ళు మా గదిలో రేడియో చుట్టూ చేరేవారు.

"నెల తిరక్కుండా అయిపోద్దండి," అనేవారు ఒకాయన.

"ఏవయిపోద్ది? మనవా, యుద్ధమా?" అనేవారు ఇంకొకాయన.

ఎవరూ నవ్వేవారు కాదు.

అలాంటి రోజుల్లో ఆమె వచ్చింది.

ఆమెది కడప వైపు ఊరు. జహ్రాలో ఒక పెద్దింట్లో పనిమనిషి. ఇంటివాళ్ళు ఎండలకి విదేశం పోతూ ఆమెను లోపల ఉంచి బయట తాళం వేసుకుపోయారు. పాస్‌పోర్టు కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, బీరువాలో ఉండిపోయింది. సైనికులు ముందు తలుపు పగలగొడుతుంటే ఆమె వెనక గోడ దూకిందట. నాన్నకి రేడియో బేరంలో పరిచయమైన కడప డ్రైవరొకాయన ఆమెను కారులో తెచ్చి మా గుమ్మంలో దించాడు.

"అన్నా, ఒక వారం జూస్కోండి. మల్లా వచ్చి పిల్చకపోతా," అన్నాడు. ఆ మనిషి మళ్ళీ కనిపించలేదు.

అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఉన్నవాళ్ళకే లేదండీ ఇక్కడ. ఎక్కడ పడుకోబెట్టమంటారీవిణ్ణి?" అంది నాన్నతో, ఆమె వింటూండగానే.

"నిలబడుకోనైనా నిద్రపోతా లేక్కా," అంది ఆమె. "దోవలో మాత్రం నిలబెట్టద్దు."

నాన్న నన్ను ఆమెను పిన్నీ అని పిలవమన్నారు. అమ్మ మాత్రం 'ఆ మనిషి' అనేది.

వంటింట్లో యుద్ధం ఆ మర్నాడే మొదలైంది. అమ్మ ఆమెకి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. ఆమె గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద నా పేరు రాసిపెట్టక్కా. తెలీక ఎవురన్నా తాగుతారు," అంది. అన్నం గరిటెతో లెక్కగా పెడితే, "సంగటి ముద్దకు అలవాటైన నోరు ఇది. ఇంత బువ్వ నాలికకే చాల్దు," అంది.

"ఇది కడప కాదు," అంది అమ్మ.

"అమలాపురమూ కాదులే," అంది ఆమె.

చింతపండు అయిపోయింది. ఇక్కడివాళ్ళు పులుసుల్లో వేసుకునే ఎండిన నల్ల నిమ్మకాయలు ఆమె పైన కప్పుకునే నల్ల అబాయా కొంగులో కట్టుకుని తెచ్చింది. వాటిని చితక్కొట్టి చారు కాచింది. పొగా ఊరగాయా కలిసినట్టుగా వాసన. నాన్న రెండుసార్లు పోయించుకున్నారు. అమ్మ ముట్టుకోలేదు, ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని తింది. అలా మూడు పూటలు తిని నాలుగో పూట, ఎవరూ చూడటం లేదనుకుని, గిన్నె అడుగున మిగిలినది తాగడం నేను చూశాను.

ఒకనాటి మధ్యాహ్నం సైనికులు ఇళ్ళు సోదా చేస్తూ మా అంతస్తుకి వచ్చారు. లోపలికి వచ్చినవాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు. మట్టి బూట్లతో పడగ్గదిలోకి నడిచి తమ్ముడి ఉయ్యాల కిందికి తుపాకీ దూర్చి చూశాడు. అమ్మ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నాన్న చేతులెత్తి నిలబడ్డారు.

పిన్నికి అరబ్బీ వచ్చు గానీ, అదంతా మామా, అంటే జహ్రా ఇంటి యజమానురాలు, తిట్టగా తిట్టగా వచ్చిన అరబ్బీ. ఆజ్ఞలూ తిట్లూ తప్ప అందులో ఇంకేమీ లేవు. ఆమె వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చింది. "షినూ హాదా?" అంది. ఏమిటిది అని. "బూట్లతోనా? గాడిదా, ఇప్పుడే తుడిచిన నేల ఇది. బర్రా. యల్లా, బర్రా." పో బయటికి అని. అచ్చంగా ఒక పెద్దింటి యజమానురాలి గొంతు. వాడు ఉలిక్కిపడి తన బూట్ల వంక చూసుకున్నాడు. ఏదో గొణిగి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటిపోయాడు.

ఆ సాయంత్రం ఈ కథ అంతస్తులన్నీ తిరిగింది. అన్నాళ్ళకి మా మెట్ల మీద నవ్వులు వినిపించాయి. అమ్మ కూడా పెదవి బిగబట్టి అటు తిరిగింది.

మర్నాడు ఇంకొకడు వచ్చాడు. పెద్దవాడు, భుజం మీద పట్టీలున్నవాడు. ముందు రోజు వచ్చినవాడు వెనకాలే నిలబడ్డాడు. మా టీవీ, నాన్న బాగుచెయ్యడానికి తెచ్చుకున్న రేడియోలు, బల్లమీది ఫ్యాను, అన్నీ కిందికి మోయించారు. చివరికి పెద్దవాడు నాన్న చెంప మీద కొట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాన్న కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలి ఒక అద్దం పగిలింది. మిగిలిన ఒక్క అద్దంతోనే ఆయన ఆ తరవాతి రోజులన్నీ చూశారు.

వాళ్ళు మెట్లు దిగిపోయాక అమ్మ పిన్ని వైపు తిరిగింది. "నీ నోరే తెచ్చింది ఇదంతా."

"నా నోరు లేకుంటే నిన్ననే పోయేటివి," అంది పిన్ని. కానీ ఆ మాట మెల్లగా అంది. ఆ రోజు అన్నం కూడా పెట్టించుకోలేదు.

భయానికో తిండి లేకో అమ్మకి పాలు ఇంకిపోయాయి. తమ్ముడికి గంజి పట్టారు. ఖర్జూరం నానబెట్టిన నీళ్ళు పట్టారు. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మొదట్లో ఇల్లెగిరేలా ఏడ్చేవాడు, తరవాత్తరవాత ఏడుపు సన్నబడింది. అది ఇంకా భయంగా ఉండేది. జమియా సైన్యం చేతిలోకి పోయింది, అరల్లో వెనిగర్ సీసాలు తప్ప ఏమీ లేవు. నాన్న కాళ్ళు బొబ్బలెక్కేలా తిరిగి ఉత్త చేతులతో వచ్చేవారు. అమ్మ ఆ చేతుల వంక చూసేది.

ఒక పొద్దున్న పిన్ని కనిపించలేదు. మా భవనం హారిస్, అంటే కాపలా మనిషి, వాళ్ళ తమ్ముడికి జహ్రా అవతలి తోటలనుంచి కూరగాయలు తెచ్చే బండి ఉంది. అందులో ఎక్కి వెళ్ళిందని హారిస్ చెప్పాడు.

"పోతే పోయింది. ఒక కంచం తగ్గింది," అంది అమ్మ.

మూడోనాడు తిరిగొచ్చింది. అబాయా లోంచి పెద్ద పాలపొడి డబ్బా తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. మూత సీలు కూడా విప్పలేదు. అమ్మ దాన్ని అందుకుని గుండెకి నొక్కుకుంది. నీళ్ళు కాచి పాలు కలిపి తమ్ముడికి పట్టి, వాడు తాగుతుంటే ఆ తాగే శబ్దాన్ని వింటూ కూర్చుంది. సీసా ఖాళీ అయ్యాక తలెత్తింది.

"ఎక్కడిదిది? ఏమిచ్చి తెచ్చావు?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాన్న మాత్రం, "ఊరుకో," అన్నారు.

పిన్ని గట్టుకి ఆనుకుని నిలబడింది. "మామా వాళ్ళ ఇంట్లో సామాన్ల గదిలో ఇట్లాంటివి శానా ఉండాయి. ఆ ఇంట్లో ఇప్పుడు సైన్యం ఉండాది. రెండు దినాలు వాండ్లకు వండిపెట్టినా. పోయేటప్పుడు ఒక డబ్బా అడిగితే ఇచ్చినారు. అంతే ఇచ్చింది, అంతే తెచ్చింది."

"మనల్ని కొట్టినవాళ్ళకి వండిపెట్టావా?"

"యాడ వండినా వంటే గదక్కా. ఆడ వండితే పాలడబ్బా ఇచ్చిరి. నీ ఇంట్లో వండితే మాటలిస్తాండావు."

అమ్మ డబ్బా మూత గట్టిగా బిగించి పై అరలో పెట్టింది.

ఆ తరవాత పిన్ని అలాగే వెళ్ళి వస్తూ ఉండేది. వెళ్ళినప్పుడల్లా ఒక డబ్బా. తమ్ముడి బుగ్గల్లోకి రంగు వచ్చింది. పాలపొడి డబ్బా అడుగున అంటుకున్నది వేలితో గీరి నేను నాకేదాన్ని. తియ్యగా, నాలుక మీద ముద్దకట్టి అంగిలికి అతుక్కునేది. పిన్ని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకునేది.

మా కింది అంతస్తులో ఒక అరబ్బు టీచరమ్మ ఉండేది. అంతకుముందు మెట్ల మీద కనిపిస్తే పిల్లలందరికీ నువ్వుల ఉండలు పెట్టేది. ఆ రోజుల్లోనే వాళ్ళాయన్ని సైనికులు ఇంట్లోంచి తీసుకుపోయారు. చెప్పులైనా వేసుకోనివ్వలేదు. ఆ చెప్పులు చాలాకాలం వాళ్ళ గుమ్మం ముందే ఉన్నాయి, ఆవిడ తియ్యలేదు. పిన్ని జహ్రాలో ఎవరికి వండుతోందో హారిస్ ఆవిడకి చెప్పాడు.

ఆవిడ మా తలుపు తట్టింది. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆవిడ అరవలేదు. నాన్నకి అర్థమయ్యేలా నెమ్మదిగా అరబ్బీలో చెప్పింది. ఆయన మాకు తెలుగులో చెప్పారు.

"నా భర్తను పట్టుకుపోయినవాళ్ళ కడుపు నింపే మనిషి నేనుండే భవనంలో ఉండటానికి వీల్లేదు అంటోంది."

పిన్ని ముందుకొచ్చింది. ఆమెకి టీచరమ్మతో మాట్లాడటానికి మాటలు లేవు. ఆమెకి వచ్చిన అరబ్బీలో బతిమాలే మాటలే లేవు. అందుకని తెలుగులోనే, "చెప్పన్నా ఆ యమ్మకు. పిల్లోడు బతకాల గదా అని చెప్పు," అంది.

నాన్న చెప్పారు. టీచరమ్మ అమ్మ చంకలో ఉన్న తమ్ముడిని చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళు తడవలేదు. "నాకూ ఒక మనిషి బతకాలి," అంది.

అందరూ అమ్మ వంక చూశారు. ఇల్లు అమ్మది.

"మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన గది ఉంది కదా," అంది అమ్మ. "ఆ మనిషి అక్కడుంటుంది. ఈ గుమ్మంలోకి రాదు."

పిన్ని తన మూట తీసుకుని మేడ ఎక్కింది. టీచరమ్మ కిందికి దిగిపోయింది. మేడ మీది గదీ అదే భవనంలోదని ఆవిడకి తెలియకుండా ఉండదు. అయినా ఆ తరవాత ఏమీ అనలేదు. మెట్ల మీద మేం ఎదురైతే మాత్రం గోడ వైపు తిరిగి నిలబడేది. నువ్వుల ఉండలు మళ్ళీ ఎవరికీ పెట్టలేదు.

అప్పటినుంచి పిన్ని డబ్బా తెస్తే మా గుమ్మం పక్కన పెట్టి, తలుపు ఒకసారి కొట్టి పైకి పోయేది. అమ్మ మూత పెట్టిన కంచంలో అన్నం నా చేతికిచ్చి పంపేది. గరిటెతో కొలిచిన అన్నం కాదు, కంచం నిండా. ఆ సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు ఎత్తలేదు. మేడ మీద ఎండకి నేల కాలిపోయేది. పిన్ని ట్యాంకు నీడలో కూర్చుని తింటూ, "ఉప్పు యాడ పోయింది ఈ పొద్దు?" అనేది. నేను కిందికి వెళ్ళి చెప్పేదాన్ని. "ఆవిడ నోట్లో ఉంది ఉప్పంతా," అనేది అమ్మ. మర్నాడు ఉప్పు సరిపోయేది.

కొన్ని వారాలకి మనవాళ్ళని తరలించడానికి బస్సులు పెడుతున్నారని తెలిసింది. అమ్మ తమ్ముడిని ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని, మొదటిసారి మేడ ఎక్కింది. పిన్ని అబాయా చిరుగు కుట్టుకుంటోంది.

"ఎల్లుండి బస్సులున్నాయి," అంది అమ్మ. "బస్రా, బాగ్దాద్ మీంచి అమ్మాన్ దాకా. అక్కణ్ణించి విమానం. నీ పేరు కూడా చెప్పారు మావారు."

"నా పాస్‌పోర్టు జహ్రాలో ఉండాది."

"లేనివాళ్ళకి కాయితం ఇస్తున్నారంట."

"ఆ కాయితంతో మల్లా ఈ దేశానికి రానిస్తారా? ఊర్లో నాకు ముగ్గురు బిడ్లు. నేను పంపితేనే వాండ్లకు కూడు. మామా తిరిగొచ్చేసరికి నేను లేకుంటే ఖలాస్."

"ఆవిడ వచ్చేదాకా నిన్నిక్కడ ఎవరు బతకనిస్తారు? కింద ఉన్నవాళ్ళా, జహ్రాలో ఉన్నవాళ్ళా?"

పిన్ని సూది ఆపింది. "నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందక్కా నీకు? దోవలో పిల్లోనికి పాలు కావాల. రెండు డబ్బాలు నా కాడ ఉండాయి. అందుకు పిలుస్తాండావు."

అమ్మ కేకలేస్తుందనుకున్నాను.

"అవును," అంది అమ్మ. "అందుకే."

పిన్ని అమ్మ మొహంలోకి చూసింది. తరవాత దారం పంటితో కొరికింది. "ఇన్ని దినాలకు ఒక నిజం చెప్పినావు. వస్తా పో."

బస్సు జహ్రా మీదుగానే పోయింది. ఒక చోట పిన్ని అద్దానికి నుదురానించి, "అదే ఇల్లు," అంది. గేటు ఒరిగి ఉంది. ప్రహరీ మీద సైనికుల బట్టలు ఆరేసి ఉన్నాయి. కనిపించినంతసేపూ చూసి, "గోడ ఎంత మాసిందో," అని ముందుకి తిరిగి కూర్చుంది.

బాగ్దాద్ దాటాక, అమ్మాన్ వైపు సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాల్లో పడేశారు. పగలు ఇసుక, నోట్లో ఇసుక, రొట్టెలో ఇసుక. నీళ్ళ లారీ వస్తే మనుషులు మనుషుల మీద పడేవారు. పిన్ని మోచేతులతో పొడుచుకుంటూ, మామా తిట్లన్నీ తిడుతూ ముందుకి పోయి బిందె నింపుకొచ్చేది. పాలు ఎంత చిక్కగా కలపాలనే దాని మీద అమ్మా ఆమే ఆ గుడారంలో పూటపూటా పోట్లాడుకున్నారు. పలచగా కలిపితే ఎక్కువ రోజులొస్తాయని అమ్మ. పలచగా తాగితే అన్ని రోజులు బతకడని ఆమె. రెండో డబ్బా అడుగంటేసరికి అమ్మాన్‌లో విమానం ఎక్కే వంతు వచ్చింది.

బొంబాయి స్టేషన్లో మా రైలు వేరు, ఆమె రైలు వేరు. ఎవరో పంచిన పూరీలు ఒకే దుప్పటి మీద కూర్చుని తిన్నాం. ఆమె రైలు ముందు వచ్చింది. నాన్న దండం పెట్టారు. ఆమె తమ్ముడి కాలి బొటనవేలు పట్టుకుని ఊపింది.

"జాగ్రత్త," అంది అమ్మ.

"ఆఁ," అంది ఆమె. అంతే. ఊరి పేరు మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

చుట్టాలందరికీ అమ్మ ఆ కథ ఎన్నోసార్లు చెప్పింది. ట్యాంకులు, ఎడారి, నాన్న కళ్ళజోడు, అన్నీ చెప్పేది. పిల్లాడికి పాలెలాగమ్మా అని ఎవరైనా అడిగితే, "దేవుడి దయ," అనేది. ఒకసారి నేను పదిమందిలో, "కాదు, జహ్రా పిన్ని తెచ్చేది," అన్నాను. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు.

పెద్దయ్యాక ఉద్యోగం మీద నేను మళ్ళీ ఈ దేశమే వచ్చాను. హవల్లీలో ఆ భవనం లేదు. దాని చోట గాజు అద్దాల ఫోన్ల దుకాణాలున్నాయి. శుక్రవారాల్లో మనవాళ్ళు గుమికూడే చోట కడప ఆడవాళ్ళని అడిగి చూశాను. ఒకామె మా వదినే కావచ్చు అంది. ఇంకొకామె అట్లాంటోళ్ళు శానా మంది ఉండిరి అంది. తేలలేదు.

అమ్మ మంచం పట్టినప్పుడు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. ఒక మధ్యాహ్నం చెంచాతో జావ పడుతున్నాను. ఆ రోజుల సంగతి తనే ఎత్తింది.

"టీచరమ్మ అడగబట్టి ఆవిణ్ణి మేడమీదికి పంపాననుకున్నారు మీ నాన్న. అది కాదు."

"మరి?"

"మీ తమ్ముడు నా చంకలో గుక్కపట్టేవాడు. ఆవిడ ఎత్తుకుంటే ఊరుకునేవాడు. అంతకుముందురోజు ఆవిడ జహ్రా నించి వచ్చి గుమ్మంలో నిలబడిందో లేదో, నా చంకలోంచి ఆవిడ మీదికి దూకబోయాడు. కన్నదాన్ని నేను. పాలు పోయాయి, పిల్లాడూ పోయాడనిపించింది. టీచరమ్మ అలా అనేసరికి, అమ్మయ్య, దారి దొరికింది అనుకున్నాను."

నేను అమ్మ మూతి తుడిచి ఇంకో చెంచా పెట్టబోయాను. వద్దని తల తిప్పింది.

"మేడ ఎక్కేముందు నన్నేదో అంటుందనుకున్నాను," అంది అమ్మ. "ప్రతిదానికీ మాట అప్పజెప్పే మనిషి కదా. ఆ ఒక్కదానికే ఏమీ అనలేదు."

అని గోడ వైపు తిరిగి పడుకుంది.